ఇరవై వేలు పోసి బ్రీడ్ కుక్క కొనేముందు ఇది చదవండి

ఈసారి శెనక్కాయ రేటు గురించి కాదు, వాన గురించి కాదు, కుక్కల గురించి రాస్తాండా. నవ్వద్దండి. తెల్లారి రొప్పం కాడికి పోతే గొర్రెపిల్లలు గొంతులు తెగి పడుంటే ఎవురికీ నవ్వు రాదు. బడికి పోయిన పిల్లోడు కాలు కరిపించుకొని ఏడ్చుకుంటా వస్తే ఎవురికీ నవ్వు రాదు. పోస్టు కొంచెం పొడుగే. కోపం వచ్చినా సరే, చివరిదాకా చదివినాంక తిట్టండి.

మన ఊర్లల్లో రెండు పనులు ఒకేసారి జరుగుతాండాయి. ఒక పక్క రచ్చకట్ట మీద కూచొని "ఊర్లో కుక్కలు ఎక్కువైనాయి, మందు పెట్టి చంపాల" అంటారు. ఇంకో పక్క చేతిలో నాలుగు రూపాయలు ఆడితే చాలు, బెంగళూరు పోయి పదహైదు వేలో ఇరవై వేలో పోసి లాబ్రడార్ పిల్లనో, జర్మన్ షెపర్డ్ పిల్లనో, రాట్‌వీలర్ పిల్లనో ఎత్తుకొని వస్తారు. ఈ రెండు పనులు చేసేది వేరే వేరే మనుషులు కాదు. చాలాసార్లు ఒకే మనిషి.

నేను చెప్పేది ఒక్కటే. చేనికి, కొట్టానికి, ఇంటికి కుక్క కావాలంటే కొనద్దండి. ఆపరేషన్ అయి, టీకా పడిన కలగలుపు నాటు కుక్కను జంతువుల షెల్టర్ నుంచి తెచ్చుకోండి. డబ్బు మిగులుతుందని మాత్రమే కాదు. ఊర్లో కుక్కల బాధ తగ్గే దావ కూడా అదే.

ముందు ఎండ సంగతి మాట్లాడుకుందాం. మనకు ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర. ఎండాకాలం నలభై దాటుతుంది. లాబ్రడార్ యాడిది? కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో మంచునీళ్ళల్లో వలలు లాగే జాలర్ల కుక్కల సంతతి. హస్కీ సైబీరియాలో మంచు బండి లాగేది. ఒంటినిండా రెండు పొరల బొచ్చు. దాన్ని తెచ్చి ఏప్రిల్ నెలలో రేకుల షెడ్డు కింద గొలుసేసి కడితే అది దొంగను చూస్తుందా, నీడను చూస్తుందా?

ఇది మనకు తెలీని లెక్క కాదు కదప్పా. హెచ్చెఫ్ ఆవును తెచ్చి, ఫ్యాను పెట్టి, నీళ్ళు చల్లి, అయినా ఎండకు పాలు తగ్గి, డాక్టరు చుట్టూ తిరిగినోళ్ళు ప్రతి ఊర్లో ఉండారు. శెనక్కాయలో ఎన్ని కొత్త రకాలొచ్చినా మన పెద్దోళ్ళు టీఎంవీ-2ను ఏండ్ల తరబడి ఎందుకు వదల్లేదు? బెట్టకు నిలబడి, ఎంతో కొంత చేతికిస్తుందని. కదిరి పరిశోధనా కేంద్రం వాళ్ళు కొత్త రకం వదిలినా మనం మొదట అడిగేది "బెట్టకు తట్టుకుంటాదా?" అనే. విత్తనానికి అడిగే ప్రశ్న కుక్కకు ఎందుకు అడగరు?

ఒకే రకం రక్తాన్ని తరతరాలుగా కలిపి కలిపి తీసిన కుక్కల్లో పుట్టుకతో వచ్చే రోగాలు ఎక్కువ. జర్మన్ షెపర్డ్‌కు, లాబ్రడార్‌కు తుంటి కీలు సరిగ్గా కూచోని జబ్బు. డాబర్‌మ్యాన్‌కు గుండె జబ్బు. పగ్‌కు ఊపిరే ఆడదు. కలగలుపు కుక్కకు రోగమే రాదని నేను చెప్పను. గజ్జి వస్తుంది, గోమార్లు పడతాయి, నులిపురుగులు వస్తాయి. కానీ ఒకే జబ్బు రెండు పక్కల నుంచి దిగేది తక్కువ. నాటు కుక్క మన ఎండలో, మన నీళ్ళతో, మన మిగులు సంగటితో వందల ఏండ్లుగా వడపోతకు వచ్చిన రకం. పొట్టి బొచ్చు, బక్క నడుము, నిటారు చెవులు. దాన్ని ఏ కంపెనీ తయారు చేయలేదు, కరువే తయారు చేసింది.

"సరే, మనదేశం బ్రీడే తెస్తాం, ముధోల్, రాజపాళయం" అంటారు కొందరు. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో కూడా వాటి పేర్లు చెప్పినారు. మంచి కుక్కలే, కాదనను. కానీ అమ్మేవాన్ని ఒక మాట అడగండి. 2017లో కేంద్రం కుక్కల పెంపకం, అమ్మకం మీద నిబంధనలు తెచ్చింది. పిల్లలు తీసి అమ్మేవాడు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టరు చేసుకోవాల. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. మీకు అమ్మినాయన ఆ కాయితం చూపించినాడా? తల్లి కుక్కను చూపించినాడా? ఎద్దు కొనేటప్పుడు పండ్లు చూస్తాం, సుడులు చూస్తాం, నడిపించి చూస్తాం. కుక్కకు మాత్రం ఫోన్లో ఫోటో చూసి ఇరవై వేలు కొడతాం!

ఇంగ అసలు సంగతికి వస్తా. ఊర్లో ఈ గుంపులు యాడి నుంచి వచ్చినాయి? ఆకాశం నుంచి పడినాయా?

ఆడకుక్కకు చూలు అరవై మూడు రోజులు. మామూలుగా ఏడాదికి రెండుసార్లు ఎదకొస్తుంది. ఈతకు నాలుగు, ఐదు, ఆరు పిల్లలు. మనం ఏం చేస్తాం? మగపిల్ల ఒకటి ఏరుకొని, ఆడపిల్లలను గోనెసంచిలో వేసి చెరువుకట్ట మీదనో, హైవే డాబా కాడనో, పక్కూరి పొలిమేరలోనో వదిలేసి వస్తాం. పక్కూరోళ్ళు వాళ్ళ పిల్లలను మన పొలిమేరలో వదుల్తారు. వదిలిన వాటిల్లో బతికినవన్నీ ఆడవే. ఆరు నెలలు దాటితే అవే ఈనుతాయి. దీన్ని చేసేది పట్నంలో ఉండే జంతు ప్రేమికులు కాదు. మనమే.

తిండి ఎవురు పెడతాండారు? చికెన్ అంగడి వ్యర్థాలు రోడ్డు పక్కన పోస్తాండారు. మన జీవాలు సచ్చిపోతే గుంత తీసి పూడ్చేది పోయి వంకలో పారేస్తాం. సచ్చిన గొర్రె మాంసం రుచి చూసిన గుంపు రేపు బతికిన గొర్రె మీదికి రాదా? రాత్రి రొప్పం మీద పడితే "తోడేలు వచ్చింది" అంటాం. తోడేలు వచ్చేది నిజమే, మన గుట్టల్లో ఉండాయి. కానీ అన్నీ దాని మీద రుద్దితే ఎట్లా? పొద్దున అడుగులు చూసి, గాట్లు చూసి, గొర్రెలు కాసే పెద్దాయనను అడగండి. చాలాసార్లు ఆయన చెప్పేది "కుక్కలప్పా" అనే.

మందు పెట్టి చంపితే తీరుతుందా? తీరదు. ఒకటి, అది నేరం. కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో 325వ సెక్షన్ కింద జంతువుకు విషం పెట్టి చంపితే ఐదేండ్ల దాకా జైలు పడొచ్చు. రెండు, విషం మంచి కుక్క చెడ్డ కుక్క చూడదు. మీ మంద వెంట పోయే కుక్క తింటుంది, ఆ శవాన్ని గద్ద తింటుంది, కాకి తింటుంది. మూడు, ఊర్లో పది కుక్కలు పోతే ఆ జాగాకు, ఆ తిండికి పక్క నుంచి పది వస్తాయి. వచ్చే వాటికి టీకా ఉండదు, ఆపరేషన్ ఉండదు.

పిచ్చికుక్క రోగాన్ని ఆపేది టీకా. మనుషులకు రేబిస్ వచ్చే కేసుల్లో నూటికి తొంభై తొమ్మిది కుక్కల నుంచే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తాంది. ఒక ప్రాంతంలో నూటికి డెబ్బై కుక్కలకు టీకా పడితే రోగం పాకేది తెగిపోతుందని కూడా అదే సంస్థ చెప్తాంది. పది కుక్కలున్న వీధిలో ఏడింటికి టీకా. ఇది మన చేతిలో అయ్యే పనే. టీకా వేసిన కుక్కను చంపినామంటే ఆ ఏడుల్లో ఒకదాన్ని మనమే తీసేసినట్టు.

కోర్టుల సంగతి కూడా తెలుసుకోండి. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధి కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. ఆగస్టు 22న ముగ్గురు జడ్జీల బెంచి దాన్ని మార్చింది. ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటనే వదలాల, రేబిస్ ఉన్నవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం వదలకూడదు అంది. ఇంకో మాట కూడా చెప్పింది: దత్తత కావాలనుకున్నోళ్ళు దరఖాస్తు పెట్టుకొని కుక్కను ఇంటికి తీసుకపోవచ్చు, కానీ తీసుకపోయినాంక అది మళ్ళీ రోడ్డు మీదికి రాకుండా చూసే బాధ్యత వాళ్ళదే. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కలను తీసి షెల్టర్లలో పెట్టమంది. అంటే షెల్టర్లకు కుక్కలు ఇంకా పెరుగుతాయి. ఆడ జాగా యాడుంది? ఒక కుక్క ఇంటికి పోతేనే ఇంకో కుక్కకు జాగా. మీరు ఒక కుక్కను తెస్తే, రోడ్డు మీద ఆపరేషన్ లేకుండా తిరిగే ఇంకోదానికి వరుస వస్తుంది. దత్తత అంటే దయ చూపించడం అనుకుంటారు. నేను దాన్ని లెక్క అంటా.

మనకు దగ్గర్లో యాడుంది అంటారా? పుట్టపర్తిలో కరుణా సొసైటీ ఉంది, 2000 నుంచి నడుస్తాంది. ఆవుల కడుపుల్లో నుంచి కేజీల కొద్దీ ప్లాస్టిక్ తీసి, ఆ సంగతి మీద 2012లో సుప్రీంకోర్టు మెట్లెక్కింది ఆ సంస్థే. వీధి కుక్కలకు ఆపరేషన్లు, టీకాలు కూడా చేస్తారు. హైదరాబాదులో 1992 నుంచి బ్లూక్రాస్ ఉంది. విశాఖలో వీఎస్పీసీఏ ఉంది. మన ఉమ్మడి అనంతపురం జిల్లా రైతుకు పుట్టపర్తి సంత కంటే దూరం కాదు. ఒక దినం పోయి, చూసి, అడిగి రండి.

ఇంగ మీరు చెప్పే సాకులు నాకు తెలుసు. వరసగా మాట్లాడుకుందాం.

"ఆపరేషన్ చేసిన కుక్క మెత్తబడిపోతుంది, కాపలా కాయదు." బీజాలు కొట్టించిన ఎద్దు కాడి లాగడం మానిందా అన్నా? పొగరు తగ్గుతుంది, పని తగ్గదు. 1833లో డార్విన్ దొర దక్షిణ అమెరికాలో, ఇప్పటి ఉరుగ్వే పక్క తిరిగినప్పుడు ఒక వింత చూసి రాసి పెట్టినాడు. ఇళ్ళకు మైళ్ళ దూరంలో, మనిషనేవాడు లేకుండా, ఒకటి రెండు కుక్కలే పెద్ద గొర్రెల మందను కాస్తాండాయి. ఎట్లా పెంచినారని అడిగితే వాళ్ళు చెప్పిందేందంటే, కుక్కపిల్లను చిన్నప్పుడే తెచ్చి, గొర్రె పాలు తాపి, రొప్పంలోనే ఉన్నితో పడక వేసి, వేరే కుక్కలతో కలవనీకుండా పెంచుతారంట. మామూలుగా వాటికి బీజాలు కూడా తీయిస్తారంట, మందను వదిలి పోవాలనే యావ ఉండకుండా! రెండువందల ఏండ్ల కిందట గొర్రెల కాపరులకు తెలిసిన సంగతి ఇది. ఆపరేషన్ కాని మగకుక్క ఏం చేస్తుంది? పక్కూర్లో ఆడది ఎదకొచ్చిందంటే మీ చేను, మీ మంద వదిలి మూడు దినాలు కనపడదు. దొంగ వచ్చేది ఆ మూడు దినాల్లోనే.

"ఆడకుక్క వద్దు, ఊర్లో మగకుక్కలన్నీ ఇంటి ముందర చేరతాయి." ఆపరేషన్ అయినదాని కాడికి ఎందుకు చేరతాయి? ఎద రాదు, ఈత ఉండదు, గోనెసంచి పాపం ఉండదు. ఇంటిని కనిపెట్టుకొని ఉండేదాంట్లో ఆడకుక్క మగదానికి ఏం తక్కువ కాదు.

"దానికి జాతి లేదు, నలుగురిలో నామోషీ." 1957 నవంబరు 3న భూమి చుట్టూ తిరిగిన మొదటి ప్రాణి లైకా. అది మాస్కో వీధుల్లో పట్టుకొచ్చిన కలగలుపు కుక్క. ఆ దేశం సైంటిస్టులు బ్రీడ్ కుక్కలను పక్కన పెట్టి వీధి కుక్కలనే ఎందుకు ఏరుకున్నారు? చలికి, ఆకలికి రాటుదేలినవి గనక. లైకా తిరిగి రాలేదు పాపం. 1960 ఆగస్టులో బెల్కా, స్ట్రెల్కా అని రెండు పోయి ప్రాణాలతో దిగినాయి. ఆ స్ట్రెల్కా పిల్లే మరుసటేడు అమెరికా అధ్యక్షుడు కెనెడీ ఇంటికి కానుకగా పోయింది. అంతెందుకు, ధర్మరాజు వెంట స్వర్గం వాకిలిదాకా నడిచిన కుక్కది ఏ బ్రీడో వ్యాసుడు రాయలేదు. నడిచిందని మాత్రమే రాసినాడు.

"పెద్ద కుక్క మనకు అలవాటు కాదు, పిల్ల అయితేనే." ఇంటి కాపలాకు, మోటరు కాడ కాపలాకు పెద్ద కుక్క కూడా అలవాటవుతుంది. కొన్ని వారాలు ఓపిక పట్టాల. దాని గుణం ఎట్లాంటిదో అప్పటికే షెల్టర్ వాళ్ళకు తెలిసుంటుంది, బ్రీడ్ పిల్ల పెరిగి ఎట్లయితాదో కొన్నప్పుడు ఎవురికీ తెలీదు. కానీ ఒక మాట ఖచ్చితంగా చెప్తా: జీవాల వెంట పెట్టాలంటే మాత్రం పెద్ద కుక్కను తెచ్చి నేరుగా రొప్పంలో వదలద్దు. ఎనిమిది వారాలు దాటిన పిల్లను తెచ్చి, గొర్రెపిల్లల పక్కనే పెంచండి. గొర్రెను తరిమితే మొదటిసారే ఆపండి. అది గొర్రెలను తన కుటుంబం అనుకోవాల.

"షెల్టర్ వాళ్ళు రైతులకు ఇస్తారా? ఫారాలు, ప్రశ్నలు." అడుగుతారు. గొలుసేసి కడతావా, నీడ ఉందా, టీకాలు వేయిస్తావా అని అడుగుతారు. ఆడబిడ్డను ఇచ్చేటప్పుడు మనం అడగమా? ఆ ప్రశ్నలకు కోపం తెచ్చుకునే పని లేదు.

అదే సమయంలో షెల్టర్లు నడిపే వాళ్ళకూ ఒక మాట చెప్పాల. మీ ఫారాలు తెలుగులో పెట్టండి. రైతు అంటే కుక్కను కట్టేసి కొట్టేవాడు అని ముందే తీర్పు చెప్పద్దు. అపార్ట్‌మెంటులో నాలుగు గోడల మధ్య ఉండేదానికంటే చేన్లో చెట్టు కింద పడుకొని, రాత్రి గట్ల మీద తిరిగే కుక్క బతుకు తక్కువదేం కాదు. చురుకైన, మొరిగే కుక్కలు పట్నం ఇళ్ళల్లో ఇమడవు. మాకు కావాల్సింది అట్లాంటివే. వాటిని మా ఊర్లకు పంపే దావ చూడండి.

తెచ్చుకునేవాళ్ళు ఇవి మరవద్దండి. ఆపరేషన్ అయినట్టు, టీకా పడినట్టు కాయితం తీసుకోండి, చెవి కొసన కత్తిరింపు గుర్తు ఉందేమో చూడండి. ఏటా రేబిస్ టీకా తిరిగి వేయించాల. జులై 6న జూనోసిస్ దినం, పాశ్చర్ 1885లో మొదటిసారి ఒక పిల్లోనికి ఈ టీకా వేసిన దినం. ఆ రోజు మన పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా వేస్తారు, ఊరంతా తోలుకపోండి. మొదటి రెండు మూడు వారాలు రాత్రిళ్ళు లోపలే ఉంచండి, లేకపోతే దావ తెలీక పారిపోతుంది. పగలంతా గొలుసు వద్దు. కట్టేసిన కుక్క కాపలా కుక్క కాదు, కరిచే కుక్క అవుతుంది. సంగటి, రొట్టె, మజ్జిగ, వారానికి రెండు గుడ్లు చాలు. ఉడికిన కోడి ఎముకలు మాత్రం పెట్టద్దు, పేగులో గుచ్చుకుంటాయి.

కుక్క కరిస్తే, మీదైనా వీధిదైనా సరే, పసుపు, సున్నం, కారం, ఆకుపసరు ఏమీ పూయద్దు. సబ్బుతో, కారే నీళ్ళ కింద పదహైదు నిమిషాలు కడిగి, అదే దినం సర్కారు ఆసుపత్రికి పోండి. డాక్టరు చెప్పిన తేదీలన్నీ పూర్తి చేయండి, మధ్యలో మానద్దు. గాయం లోతుగా ఉంటే సీరం కూడా అడగండి. రేబిస్ లక్షణాలు మొదలైనాంక మందు లేదు. ఎనుమును, ఆవును కరిచినా ఊరకుండద్దు, పశువుల డాక్టరుకు ఆ దినమే చెప్పి టీకాలు వేయించండి.

చివరిగా పంచాయతీ సంగతి. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కలకు ఆపరేషన్లు, టీకాలు చేయించే బాధ్యత మున్సిపాలిటీలదే కాదు, పంచాయతీలది కూడా. గ్రామసభలో కరెంటు స్తంభం అడుగుతాం, సీసీ రోడ్డు అడుగుతాం. ఈసారి లేచి నిలబడి మూడు అడగండి: ఊరి కుక్కలకు ఆపరేషన్, టీకా ఎప్పుడు చేయిస్తారు? చికెన్ వ్యర్థాలు యాడ పోయిస్తారు? సచ్చిన జీవాలను పూడ్చేదానికి జాగా యాడ ఇస్తారు? రచ్చకట్ట మీద మందు ముచ్చట చెప్పే గొంతు గ్రామసభలో ఎందుకు లేవదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మీ ఇంట్లో ఇప్పటికే బ్రీడ్ కుక్క ఉంటే దాన్ని రోడ్డు మీదికి తరమమని నేను చెప్పలేదు, అది ఇంకా పెద్ద పాపం. దానికి నీడ, నీళ్ళు చూసుకోండి, ఆపరేషన్ చేయించండి. కానీ తర్వాత కుక్క కావాల్సి వచ్చినప్పుడు బెంగళూరు బస్సు ఎక్కద్దండి. పుట్టపర్తి బస్సు ఎక్కండి. ఆ మిగిలిన ఇరవై వేలతో రొప్పానికి చుట్టూ గట్టి కంచె వేసుకోండి. లోపల గొర్రెలు, వాకిట్లో చెవి కత్తిరించిన కుక్క. జీవాలకు అంతకంటే మంచి కాపలా మన చేతిలో ఇంకోటి లేదు.